గౌరమ్మ బొట్టు

పన్నెండేళ్ళుగా మా గుడిలో ఆడవాళ్ళ వైపు ఒక్కటే బొట్టు ఉండేది. ముందు చాపల మీద నొసళ్ళన్నీ బోసిగా ఉంటే, గుమ్మం దగ్గర ఆఖరి చాప మీద గౌరమ్మ బొట్టు రూపాయి కాసంత ఎర్రగా కనిపించేది. ప్రసంగం చెబుతూ నేను ఎటు చూసినా నా కళ్ళు చివరికి అక్కడికే పోయేవి. "వాక్యం ఆ బొట్టుకి సెప్తన్నారా, మాకు సెప్తన్నారా?" అని మా ఆవిడ సలోమి దెప్పేది. దెప్పితే దెప్పింది గానీ, నా బాధ ఆవిడకేం తెలుసు! చేనంతా కోసేసిన రైతుకి మిగిలిపోయిన ఒక్క మడి కనిపించినట్టు నాకు ఆ బొట్టు కనిపించేది.

గౌరమ్మది మా ఊరు కాదు. మాది జీడితోటల మధ్య ఊరు. వాళ్ళ పేట సముద్రం ఒడ్డున, ఇసక దారిలో అరగంట నడక. పిల్లల కోసం ప్రార్థన చేయించుకోవడానికి మొదటిసారి వచ్చింది. చేశాం. సంఘమంతా ఉపవాసం ఉండి మరీ చేశాం. పిల్లలు పుట్టలేదు. పుట్టకపోతే మామూలుగా జనం మానేస్తారు, ఇంకో పాస్టరుని చూసుకుంటారు. గౌరమ్మ మానలేదు. ఎందుకు మానలేదమ్మా అని ఒకసారి ఉండబట్టలేక అడిగాను. "అడిగింది ఇయ్యకపోతే అయినోల్లతో మాటాడ్డం మానేత్తామేటి అయ్యగోరూ?" అంది. ముప్పై ఏళ్ళ సేవలో నేను అంతకంటే మంచి మాట గుడిలో చెప్పలేదు.

బాప్తిస్మం మాత్రం తీసుకోలేదు. మాది బాప్టిస్టు సంఘం. నెత్తిన నాలుగు చుక్కలు చల్లి సరిపెట్టుకోవడం మా దగ్గర కుదరదు, మనిషిని నిలువునా నీళ్ళలో ముంచి లేపాలి. ఆడవాళ్ళయితే నీళ్ళలో దిగకముందే బొట్టు తీసెయ్యాలి. ఎక్కడ రాసుందని అడిగితే నేను చూపించలేను. దొరల కాలం నుంచీ అలా జరిగిపోతోంది, అంతే. గౌరమ్మ వాళ్ళ పేటలో జరిగిపోతున్నది ఇంకొకటి. మొగుడు వేటకెళ్ళే ఆడది బొట్టు తీసిందంటే సముద్రంలో ఉన్నవాణ్ణి తన చేత్తో ముంచేసినట్టే. ఒకవేళ మొగుడు పోయినా సరే, బొట్టు తనంతట తాను తియ్యకూడదు. మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళు వచ్చి, ఒడ్డుకి తీసుకెళ్ళి, వాళ్ళ చేతులతో తియ్యాలి. ఆ బొట్టు తీశాకే మిగతా ఏడుపైనా, కర్మయినా.

ఏప్రిల్ నడిమి నుంచి జూన్ నడిమి దాకా చేపలు గుడ్లు పెట్టే కాలమని సర్కారు బేను పెట్టి వేట ఆపేస్తుంది. బోట్లన్నీ ఇసక మీదికి ఎక్కిస్తారు. ఏటా ఆ రెండు నెలల్లో నేను గౌరమ్మని పట్టుకునేవాణ్ణి.

"ఇప్పుడు జోగారావు ఇంట్లోనే ఉన్నాడు గదమ్మా. ఇంక భయం దేనికి?"

"బేను ఎత్తీసినాక ఎల్తాడు గదా అయ్యగోరూ. అప్పుడు మల్లీ బొట్టెట్టుకోమంతారేటి?" అని నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేది.

జోగారావు ఆవిడ మొగుడు. పొట్టి మనిషి, గొంతు మాత్రం అల దాటి వినిపించేది. భార్యని గుడికి రానిచ్చేవాడు, శనివారం శనివారం మాకు చేపలు పంపేవాడు. "ఆదోరం మా ఆడదాన్ని మీ దేవుడి కాడికి అంపుతన్నాను, శనోరం సేపలు మీ ఇంటికి అంపుతన్నాను. బొట్టు నాది పాస్టరుగోరూ, దాని జోలికి రాకండి" అని మొహం మీదే అనేవాడు. నాకు ఒళ్ళు మండిపోయేది. కానీ చందువా పులుసు ముందు ఎంతసేపని మండుతుంది!

కరోనా మొదటి ఏడు మాకు టీవీలో ఉండేది. రెండో ఏడు వీధిలోకి వచ్చింది. జీడిపిక్కలు రాలే కాలం. ఏరే కూలీలు లేక, కొనేవాళ్ళు రాక, తోటల్లో పళ్ళు కుళ్ళి ఊరంతా పులిసిన కల్లు వాసన వేసేది. పలాసలో జీడి ఫ్యాక్టరీలు మూసేశారు. మధ్యాహ్నం పన్నెండు దాటితే కర్ఫ్యూ. గుడికి తాళం వేసి నేను ఫోనులో ఆరాధన చెప్పేవాణ్ణి. అవతల ఎవరు వింటున్నారో, ఎవరు వంట చేసుకుంటున్నారో తెలిసేది కాదు. ఒకసారి నేను కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థిస్తుంటే ఎవరింట్లోనో కుక్కర్ కూత పెట్టింది. సలోమి నవ్వింది, నేనూ నవ్వాను. ఆ వేసవిలో మేము నవ్వింది అదొక్కసారే.

భూస్థాపనలు కూడా ఫోనులోనే. గుంట పక్కన ఎవరో ఫోను స్పీకర్లో పెట్టి పట్టుకునేవారు. నేను ఇంట్లో కుర్చీలో కూర్చుని మట్టికి మట్టి అనేవాణ్ణి. అవతల పార చప్పుడు వినిపించేది. ఫోను పెట్టేశాక ఆ కుర్చీలో అలాగే ఉండిపోయేవాణ్ణి, సలోమి వచ్చి అన్నానికి లేపేదాకా. నేను వాళ్ళకి చెప్పిన మాటల్లో ఏ ఒక్కటీ తిరిగి నా దగ్గరికి వచ్చేది కాదు. ఇలా చెప్పడం పాస్టరుకి తగదు, కానీ అది నిజం.

బోట్లు ఇసకెక్కిన కొన్నాళ్ళకే జోగారావుకి జ్వరం వచ్చిందని గౌరమ్మ ఫోను చేసింది.

పొద్దున్నే వెళ్ళాను. వాళ్ళ ఇంటి చుట్టూ కొబ్బరి మట్టల దడి. లోపలికి రావద్దని గౌరమ్మ చేత్తో సైగ చేసింది. పందిట్లో నులక మంచం మీద జోగారావు బోర్లా పడుకుని ఉన్నాడు. అలా పడుకుంటే గాలి ఆడుతుందని ఎవరో చెప్పారట. పేటలో మందులిచ్చే ఆర్ఎంపీ వచ్చి, దడి ఇవతల నుంచే మాత్రలు విసిరి పోయాడట.

"జోగారావూ, నేను ఫిలిప్పుని. ప్రార్థన చేస్తాను, విను."

వాడు తల తిప్పాడు. మొహం నల్లబడి పోయింది. "దడవతల నుంచి సేత్తే మీ దేవుడికి ఇనిపిత్తాదేటి?" అన్నాడు. నాలుగు మాటలకే రొప్పు వచ్చేసింది.

చేశాను. దడిలో మట్టల సందుల్లోంచి గౌరమ్మ బొట్టు కనిపిస్తోంది. ఆవిడ కళ్ళు మూసుకోలేదు, మొగుడి వీపునే చూస్తోంది, లేస్తోందా పడుతోందా అని.

ఆ మర్నాడు మా సంఘం సెక్రటరీ ప్రదీప్ కుమార్ గౌరమ్మకి ఫోను చేశాడు. అతను పలాసలో జీడి ఫ్యాక్టరీ సూపర్‌వైజరు. చెడ్డవాడు కాదు. ఆ నెలలోనే సొంత తమ్ముడు పోయాడు, అప్పటి నుంచీ దేవుణ్ణి పళ్ళ బిగువున పట్టుకుని ఉన్నాడు. రెండు పడవల మీద కాళ్ళు పెట్టినవాళ్ళ ప్రార్థన దేవుడు వినడనీ, బొట్టు తీసేసి, బాప్తిస్మం తీసుకుంటానని మొక్కుకుంటే జోగారావు లేచి కూర్చుంటాడనీ చెప్పాడు. అంతా విని గౌరమ్మ నాకు ఫోను చేసింది.

"అయ్యగోరూ, తీసీమంతారా?"

"ఏంటమ్మా?"

"బొట్టు. ఇది ఉండబట్టే మా ఆయనకి తగ్గట్నేదంట. సెక్రటరీగోరు సెప్పినారు. మీరు తీసీమంతే ఇప్పుడే తీసెత్తాను."

పన్నెండేళ్ళు ఆవిడ నోట ఆ మాట కోసం చూశాను. ఊఁ అంటే చాలు. నా చెవికి ఆవిడ ఊపిరి వినిపిస్తోంది, ఆవిడ వెనకాల ఇంకొక ఊపిరి కూడా వినిపిస్తోంది. ఆ రెండోది ఈలలా ఉంది. అలాంటి ఊపిరి ఆ నెలలో నేను చాలా ఫోనుల్లో విన్నాను, దాని తరవాత ఏమవుతుందో నాకు తెలుసు. ఈ మనిషి బతకడని అప్పుడే తోచింది. రేపు వాడు పోతే పేట పేటంతా ఈవిడ మీద పడుతుంది. నువ్వే చంపుకున్నావంటారు. ఆవిడ కూడా అలాగే అనుకుంటుంది, బతికినన్నాళ్ళూ.

"వద్దమ్మా" అన్నాను. "ఉంచుకో. దేవుడు బొట్టు చూసి మనుషుల్ని చంపడు. ముందు వాణ్ణి ఆసుపత్రికి చేర్చు. నేను ఆటో తీసుకొస్తున్నాను."

"సరే అయ్యగోరూ" అంది.

108కి ఫోను చేస్తే వస్తాం అన్నారు, రాలేదు. ఈశ్వరరావు ఆటో దొరికింది. మా ఊళ్ళో ఆ నెలలో రోగుల్ని ఎక్కించుకునే ఆటో అతనిదొక్కటే. నేను అతని పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. వెనక సీట్లో జోగారావు గౌరమ్మ భుజం మీద తల వాల్చాడు. సలోమి గుమ్మంలో నిలబడి ఏడుస్తూ నన్ను తిట్టింది. షుగరు మనిషివి, నీకెందుకయ్యా అంది. అయినా ఎక్కేశాను.

పలాసలో మంచం లేదన్నారు. టెక్కలిలో మంచం ఉంది గాని ఆక్సిజన్ లేదన్నారు. శ్రీకాకుళం పొమ్మన్నారు. హైవే మీద ఒక్క బండి లేదు. ఎండకి తారు మెత్తబడి టైర్లకి అంటుకుంటోంది. కోటబొమ్మాళి దాటాక జోగారావు ఏదో అంటున్నట్టు వినిపించి వెనక్కి తిరిగాను. గౌరమ్మ నొసట చెమటకి కుంకం కరిగి కనుబొమ్మల మీదికి కారుతోంది. జోగారావు బొటనవేలితో దాన్ని మెల్లగా పైకి తోస్తున్నాడు.

"సరిగా ఎట్టుకోవేటి... కారిపోతంది" అన్నాడు.

"ఊరుకో. మాటాడకు" అంది ఆవిడ.

వాడు ఊరుకోలేదు. ఆవిడ కొంగు ముడిలో చిన్న కుంకం పొట్లం ఉంది, అది విప్పించి, వణికే వేలితో తానే పెట్టాడు. గుండ్రంగా రాలేదు. ఒక పక్కకి ఒరిగింది. మళ్ళీ దిద్దబోయాడు గానీ చెయ్యి లేవలేదు. నేను ముందుకి తిరిగిపోయాను.

శ్రీకాకుళంలో ఒక పెద్దాసుపత్రిలో మంచం దొరికింది. గేటు దగ్గర వందమంది, లోపలికి ఎవరినీ రానివ్వరు. స్ట్రెచర్ వెంట గౌరమ్మ పరిగెత్తింది, కాపలావాళ్ళు ఆపారు, తోపులాటలో చేతి గాజులన్నీ చితికిపోయాయి. తలుపు మూసుకుంది. అంతే, మళ్ళీ ఆవిడ మొగుణ్ణి చూడలేదు.

గేటు ఎదురుగా రేకుల షెడ్డు కింద ఉంటానంది. నన్నూ ఈశ్వరరావునీ పంపేసింది. రోజూ ఫోను చేసేవాణ్ణి. "లోపలోల్లు బాగానే ఉన్నాడంటన్నారు" అనేది. "తిన్నాడంట" అనేది. ఒకరోజు, "అయ్యగోరూ, ఓ సంచీ సూపించి ఇదేనన్నారు" అంది.

"ఏ సంచీ అమ్మా?" అన్నాను.

"నల్లసంచీ. జిప్పేసీసినారు. దూరంగా బండిలో ఎట్టినారు. మొకం సూపించమంటే కుదరదన్నారు. అందులో ఎవులున్నారో ఏటో! లోపల అంతమంది ఉన్నారు గదా, మారిపోదేటి?"

"పేరు చూసే ఇస్తారమ్మా."

"జోగారావులు ఎంతమంది నేరు!" అంది.

అక్కడే, వాళ్ళే కాల్చేశారు. ఆవిడకి ఇచ్చింది ఏమీ లేదు.

పేటకి తిరిగొచ్చాక ఆవిడ ఇంటి ముందు బ్లీచింగ్ పౌడరు చల్లి, దడికి అడ్డంగా కర్ర కట్టారు. ఎవరూ అటు పోకూడదని పెద్దలు చెప్పారు. బొట్టు తీసే రోజు దగ్గరికొచ్చింది. దానికి పుట్టింటి చీర కావాలి. నౌపడ ఉప్పుమళ్ళలో పనిచేసే తమ్ముడు అప్పలస్వామి చీర తెచ్చాడు. తెచ్చి, కర్ర మీద వేసి, దూరంగా నిలబడి, "అప్పా, నాకు సిన్న పిల్లలున్నారే" అని ఏడ్చి వెళ్ళిపోయాడు. చెయ్యాల్సింది జోగారావు మేనత్త, పేటలో మొగుళ్ళు పోయిన ఆడవాళ్ళందరికీ పెద్ద. ఆవిడా రాలేదు. రోగం వచ్చిన ఇంటి మనిషి నొసలు తుడవడానికి ఎవరికి ధైర్యం ఉంటుంది? వాళ్ళని నేను తప్పు పట్టను. నేను మాత్రం ఫోనులో మనుషుల్ని పూడ్చలేదా!

రోజు వచ్చింది, పోయింది. గౌరమ్మ బొట్టు అలాగే ఉండిపోయింది.

కర్ర విప్పాక ఆవిడ నీళ్ళకి వెళ్తే ఆడవాళ్ళు బిందెలెత్తుకుని పక్కకి తప్పుకున్నారు. "మొగుడు సచ్చినా బొట్టెట్టుకుని ఊరేగతంది సూడు" అని వినపడేలా అన్నారట. మీరు వచ్చి తియ్యండని ఆవిడ బతిమాలింది. ఇంకొన్నాళ్ళు పోనీ అన్నారట. ఎన్నాళ్ళో ఎవరూ చెప్పలేదు.

జూన్ మొదట్లో ఒక పొద్దున మా ఇంటికి వచ్చింది. మెట్ల కింద, ఎండలోనే నిలబడింది. ఎంత పిలిచినా పైకి రాలేదు. పుట్టింటి చీర మడత విప్పకుండా చంకలో ఉంది. బొట్టు ఎండి పెచ్చు కట్టింది, ఒక పక్కకి ఒరిగే ఉంది. సలోమి మజ్జిగ పెద్ద గ్లాసుతో తీసుకెళ్ళి మెట్టు మీద పెట్టింది.

"మొహం కడుక్కోవే గౌరమ్మా ముందు" అంది జాలిగా.

"కళ్ళ కింద నుంచే కడుగుతన్నానమ్మగోరూ. పైన తడపట్నేదు."

ఆవిడ మజ్జిగ తాగి, గ్లాసు మెట్టు మీద పెట్టి, నా వైపు చూసింది.

"అయ్యగోరూ, నాకు బాప్తిసం ఇచ్చీండి."

ఈ మాటకి నేను ఎగిరి గంతెయ్యాలి. మెట్టు మీద కూలబడ్డాను.

"ఎందుకమ్మా ఇప్పుడు?" అని అడిగాను. పాస్టరు అడగాల్సిన ప్రశ్నేనా అది?

"మీకాడ బొట్టు తీత్తారు గదా" అంది. "మావోల్లు ఎవులూ రాట్నేదు. నాకు నాను తీసుకోకూడదు. ఇది ఉన్నంతసేపూ నాను ఏడవకూడదు అయ్యగోరూ. ఎలా ఏడుత్తాను? ఆయన ఉన్నట్టే గదా! పొద్దు గూకితే అన్నం రెండు కంచాల్లో ఎడతన్నాను. సంచీలో ఎవులున్నారో ఏటో అనుకుంతన్నాను. నాకు పిచ్చెక్కిపోతంది. మీరు తీసీండి."

గొంతు తగ్గించి ఇంకొకటి అడిగింది. "ఆ యేల తీసీసుంటే బతికీవోడేటి?"

"తెలీదమ్మా" అన్నాను.

ఆవిడ తల ఊపింది. కోపం లేదు. కోప్పడితే బాగుండును అనిపించింది నాకు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పడానికే కదా నన్ను చదివించి, అభిషేకించి, ఈ ఊరు పంపింది! ముప్పై ఏళ్ళ తరవాత నా దగ్గర ఉన్నది ఆ రెండు మాటలే.

ప్రదీప్ కుమార్‌కి ఫోను చేశాను. బాప్తిస్మానికి సంఘం ఒప్పుదల కావాలి కదా. "స్తోత్రం అయ్యగారూ! చూశారా, ఎంత తుపానులోనైనా ఒక ఆత్మ ఒడ్డుకి చేరింది!" అని అతను ఫోనులోనే ఏడ్చాడు. ఆ ఏడుపు నిజమైనదే. "ఒక ఫొటో తీసి గ్రూపులో పెట్టండి, అందరికీ ఆదరణగా ఉంటుంది."

"ఫొటో లేదు, ఏమీ లేదు" అని ఫోను కట్టేశాను. అంత గట్టిగా అతని మీద ఎప్పుడూ అరవలేదు.

బాప్తిస్మం రోజు ఆడవాళ్ళ వెంట ఒడ్డు దాకా వచ్చేది, బొట్టు తీయించేది, లేచాక తుండు కప్పేది ఎప్పుడూ సలోమే. పదమంటే కదల్లేదు.

"నేను రాను" అంది.

"జబ్బు గడువు దాటిపోయింది సలోమీ. ఇంక అంటుకోదు."

"జబ్బుకి కాదండి." నా కళ్ళలోకి చూడలేదు. "ఆ బొట్టు నా సేత్తో తియ్యను. నాకు మొగుడున్నాడు. షుగరున్నాది మీకు. నన్ను బలవంతం సెయ్యకండి."

మూడు తరాల క్రైస్తవ కుటుంబం సలోమిది. పుట్టి బుద్ధెరిగాక ఆ నొసటికి కుంకం తగల్లేదు. ఆదివారం బడిలో వందమంది పిల్లలకి ఆవిడే దేవుడు ఒక్కడని నేర్పింది. నేను కోప్పడలేకపోయాను. ఆ మాట విన్నాక, నిజం చెప్పాలంటే, నా చెయ్యి కూడా ఆ బొట్టు వైపు లేవదని అప్పుడే నాకు తెలిసిపోయింది. తుండు మడతపెట్టి నా చేతికి ఇచ్చి సలోమి లోపలికి వెళ్ళిపోయింది.

ఒడ్డున బోట్లు ఇంకా ఇసక మీదే ఉన్నాయి. వేట మొదలవడానికి కొద్ది రోజులుంది. జోగారావు బోటు మీద వల ఆరేసినట్టే ఉంది, ఎవరూ తియ్యలేదు. మేమిద్దరమే వచ్చాం అనుకున్నాను. కానీ బోట్ల అవతల ఆడవాళ్ళు ఒకరొకరుగా చేరుతున్నారు, ముక్కులకి కొంగులు చుట్టుకుని. ముందు నిలబడ్డది మేనత్త. బోటు దాటి ఇవతలికి రాలేదు. గౌరమ్మ వాళ్ళని చూసింది, వాళ్ళు గౌరమ్మని చూశారు.

నీళ్ళలో దిగేముందు బొట్టు తీసెయ్యాలని చెప్పాను కదా. తుండు నా చేతిలో ఉంది. గౌరమ్మ నా ఎదుట తల ఎత్తి, కళ్ళు మూసుకుని నిలబడింది, తీస్తానని. ఆటోలో జోగారావు తన వేలితో పెట్టిన బొట్టు అది. ఒరిగిన పక్క ఒరిగినట్టే ఉంది.

"పద అమ్మా, దిగుదాం" అన్నాను. ముప్పై ఏళ్ళలో మొదటిసారి బొట్టుతో ఉన్న మనిషిని బాప్తిస్మానికి నీళ్ళలోకి తీసుకెళ్ళాను.

నడుము లోతుకి వెళ్ళాం. అల వచ్చినప్పుడల్లా ఆవిడ తల పైకెత్తుతోంది, నొసలు తడవకుండా. అన్నాళ్ళూ కాపాడిన అలవాటు. మాస్కు తడిసి నా మూతికి అతుక్కుపోయింది. ఊపిరాడక గడ్డం కిందికి లాగేశాను.

"యేసు ప్రభువుని నీ సొంత రక్షకుడిగా ఒప్పుకుంటున్నావా గౌరమ్మా?"

"ఎప్పుడో ఒప్పుకున్నాను గదా అయ్యగోరూ. బేగి ముంచండి."

ఎడమ చెయ్యి వీపు కింద, కుడి చెయ్యి కట్టుకున్న చేతుల మీద పెట్టి, చెప్పాల్సిన మాటలు చెప్పాను. అల వెనక్కి పోతుండగా వెనక్కి వాల్చి ముంచాను. ఎంత తేలిగ్గా ఉందో మనిషి, ఎండిన జీడికొమ్మలా. లేపాను.

జుట్టు మొహం మీద పడిపోయి ఉంది. ఆవిడ తోసుకోలేదు. దగ్గు ఆగాక అలాగే అడిగింది.

"బొట్టు పోయిందా అయ్యగోరూ?"

తడి జుట్టు పక్కకి తీశాను. ముక్కు పక్క నుంచి సన్నటి ఎర్రటి చార ఒకటి జారుతోంది. తరవాతి అల నడుముకి కొట్టుకుని పైకి లేచి మొహం తడిపింది, చార కూడా పోయింది. నొసట బొట్టుండే చోట చర్మం మిగతా చోటు కంటే తెల్లగా, కొత్తగా ఉంది.

"పోయిందమ్మా" అన్నాను.

మా దగ్గర మనిషి నీళ్ళలోంచి లేవగానే సంఘమంతా పాట ఎత్తుకుంటుంది. ఆ పూట సంఘం లేదు. బోటు అవతల నుంచి మేనత్త గొంతు లేచింది, "ఓలమ్మో, నా జోగీ" అని. వెనకే పేట ఆడవాళ్ళందరూ ఒక్కసారి ఏడుపు ఎత్తుకున్నారు. ఏడుస్తూనే, కొత్తగా బొట్టు పోయిన మొహం ఎదురు చూడకూడదని, ఒకరి తరవాత ఒకరు మాకు వీపులు తిప్పేశారు.

గౌరమ్మ నడుము లోతు నీళ్ళలో నిలబడి ఆ ఏడుపు వింది. రెండు చేతులతో నా ముంజెయ్యి పట్టుకుంది.

"అయితే మా ఆయన సచ్చిపోనాడు" అంది.